బెజవాడ ఆనకట్ట: ఎవరి డబ్బు, ఎవరి నీళ్ళు

2024 సెప్టెంబర్ మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11.43 లక్షల క్యూసెక్కుల వరద పోయింది. పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర తూకపు దిమ్మెలను (కౌంటర్ వెయిట్లను) గుద్ది విరగ్గొట్టాయి. ఆ రోజుల్లో బెజవాడలోనూ, ఆవల తాడేపల్లిలోనూ, టీకొట్ల దగ్గరా, వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒక మాట తెగ తిరిగింది. "తెల్లోళ్ళు కట్టింది కాబట్టి నిలబడింది, మనవాళ్ళు కట్టుంటే ఈపాటికి సముద్రంలో ఉండేది."

ఇందులో మొదటి ముక్కే తప్పు. ఈస్టిండియా కంపెనీ ఇంజనీర్లు 1855లో పూర్తి చేసిన ఆనకట్టకు 1952 వరదల్లో గండి పడింది. దాని బదులు 1954–57 మధ్య మన ఇంజనీర్లు కట్టిందే ఈ 70 గేట్ల బ్యారేజీ. పాత కట్టను చిన్నబుచ్చడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇసుక మీద కట్టిన కట్ట 97 ఏళ్ళు నిలబడటం గొప్ప విషయం. కానీ కళ్ళెదుట ఉన్న కట్టడాన్ని ఎవరు కట్టారో తెలియకపోయినా, కృతజ్ఞత మాత్రం ఎవరికి చెప్పాలో అందరికీ తెలిసిపోయినట్టు మాట్లాడటం నన్ను కలవరపెట్టింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆనకట్ట వల్ల మేలు జరిగింది, అందులో సందేహం లేదు. దాన్ని దానంగా చెప్పుకోవడం దగ్గరే నాకు పేచీ. మన సిస్తు డబ్బుతో, చాలా ఆలస్యంగా, ఎంత తిరిగొస్తుందో చూసుకుని పెట్టిన పెట్టుబడి అది. ఆ లెక్కలో పడిన నేలకు నీళ్ళొచ్చాయి, పడని నేల అలాగే ఎండింది. కృష్ణా నీళ్ళ మీద ఈనాటికీ నడుస్తున్న తగాదాలు చాలావరకు ఆ లెక్కలోంచి పుట్టినవే.

రెండు కొండల సందున

సీతానగరం కొండకూ ఇంద్రకీలాద్రికీ మధ్య నది ఇరుకవుతుంది. అక్కడ కట్టిన ఆనకట్ట పొడవు 3,714 అడుగులు. ధవళేశ్వరం దగ్గరైతే గోదావరి పాయలుగా చీలి, మధ్యలో లంకలు వదిలి, నాలుగు ముక్కలుగా సుమారు 12,000 అడుగుల కట్ట కట్టాల్సి వచ్చింది. పొడవు చూస్తే బెజవాడ పని సులువనిపిస్తుంది. రాయి కూడా రెండు ఒడ్డుల కొండల్లోనే దొరికింది. కానీ ఇరుకు చోట వరద పక్కలకు పరుచుకోలేదు. పైకి లేస్తుంది, జోరు పెరుగుతుంది.

అడుగున రాతిపొర అందదు, అంతా ఇసుకే. ఇసుక మీద కట్టిన గోడ రెండు రకాలుగా పోతుంది. గోడ మీదుగా దూకిన నీరు దిగువన ఇసుకను తవ్వుకుపోతే పునాది అంచు బోలవుతుంది. లేదా ఎగువ నీటి ఒత్తిడికి గోడ కిందనుంచి ఊట దారి చేసుకుని ఇసుకను రేణువు రేణువుగా పట్టుకుపోతుంది. మొదటిదానికి విరుగుడు, దిగువన పెద్ద రాళ్ళను వాలుగా పేర్చడం. వరద గుంట తవ్వినకొద్దీ ఆ రాళ్ళు అందులోకి జారి కూర్చుంటాయి, ఖాళీ అయిన చోట మళ్ళీ రాయి వెయ్యాలి. అందుకే ఇలాంటి ఆనకట్టకు పూర్తయిన రోజంటూ ఉండదు, ప్రతి వరద తర్వాతా రాయి పోస్తూనే ఉండాలి. రెండోదానికి విరుగుడు, ఊట నడవాల్సిన దారిని పొడవు చెయ్యడం. ఇసుకలోకి బావులు దించి, వాటిని నింపి, వాటి మీద గోడ లేపి, కట్ట అడుగు వెడల్పు పెంచుతారు. అంతు తెలియని ఇసుకలో పునాది ఎలా నిలపాలో కావేరి మీది పాత కట్ట కల్లణై చూసి నేర్చుకున్నామని గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ స్వయంగా ఒప్పుకున్నాడు. అది కట్టి అప్పటికే వందల ఏళ్ళు దాటింది.

కట్టకు రెండు కొసలా, కాలవ తలల పక్కనే, ఇసుకను తోసేసే తూములు పెట్టారు. అవి లేకపోతే మొదటి రెండు మూడు వరదలకే కాలవ నోరు మేటతో పూడిపోతుంది. ఇక కాలవలు సాగుకీ పడవలకీ రెంటికీ పనికొచ్చేలా తవ్వారు. పడవ ఎదురెక్కాలంటే నీటి జోరు తక్కువ ఉండాలి, వాలు మెల్లగా ఉండాలి, మట్టం మారిన చోటల్లా లాకులు ఉండాలి. జోరు తగ్గిన నీరు ఒండ్రును మోయలేక అడుగున వదిలేస్తుంది. వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీయించడం అప్పటినుంచీ తప్పని పనైంది. పూడిక పని సరిగ్గా జరగని ఏడాది ఎవరి పొలం ఎండుతుందో డెల్టాలో ఎవర్నడిగినా చెబుతారు. కాలవ చివరి భూములే ముందు ఎండుతాయి.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. ఆనకట్ట నీళ్ళను నిలవ చెయ్యదు, వచ్చే నీటి మట్టం కాస్త లేపి పక్కకు మళ్ళిస్తుంది, అంతే. పడమటి కనుమల్లో వానలు పడినన్నాళ్ళే కాలవల్లో నీళ్ళు. కాబట్టి అది భరోసా ఇచ్చింది సార్వాకే, అంటే వానాకాలం పంటకే. డెల్టా అంతటా దాళ్వా, అంటే రెండో పంట గురించి ధైర్యంగా ఆలోచించగలిగింది పైన నాగార్జునసాగర్‌లో నీళ్ళు నిలిచాకే.

ఈ పని నడిపించినవాడు కెప్టెన్ ఛార్లెస్ ఓర్. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం ఊరూరా కనిపిస్తుంది, స్నాన సంకల్పంలో ఆయన పేరు తలిచే పురోహితులూ ఉన్నారు. బెజవాడలో ఓర్ పేరు తెలిసినవాళ్ళు అరుదు. ఆయన పనిని అందరూ అనుభవించారు గానీ ఆయన చుట్టూ కథ అల్లుకోలేదు. మన కృతజ్ఞత పని కన్నా కథనే ఎక్కువ పట్టుకుంటుందని అనిపిస్తుంది నాకు.

1798 నుంచి 1850 దాకా

కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టవచ్చన్న ఆలోచన 1798లో కెప్టెన్ బకిల్‌తో మొదలైంది. 1839లో, 1841లో, 1847లో వేర్వేరు ఇంజనీర్లు దాన్ని తిరగరాశారు. కంపెనీ డైరెక్టర్లు ఒప్పుకున్నది 1850 జనవరి 5న. పని మొదలైంది 1852లో. ఆలోచనకూ అనుమతికీ మధ్య 52 ఏళ్ళు. ఆ మధ్యలోనే 1832–33 వచ్చింది.

నందన నామ సంవత్సరపు కరువు. గుంటూరు జిల్లా జనాభా అప్పటికి సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారు. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు పోయారు. వానలు లేక పైరు పోవడం ఒక్కటే ఇంత చావుకు కారణం కాదు. అప్పటి రవాణా అంతా ఎద్దుబళ్ళూ పెరికె ఎద్దులే. గడ్డి లేక ఎద్దు చస్తే బండి కదలదు. బండి కదలకపోతే బందరు రేవులో గింజ దిగినా పల్నాటి ఊళ్ళకు చేరదు. అంటే కరువు పంటనూ ఆ పంటను తెచ్చే దారినీ ఒకేసారి చంపింది. ధాన్యం వ్యాపారంలో వేలు పెట్టకూడదన్నది కంపెనీ విధానం. తిండి వెతుక్కుంటూ జనం మద్రాసు దారి పట్టారు, ఆ దారి పొడవునా శవాలు పడ్డాయి. ఎద్దులూ మనుషులూ పోయిన ఊళ్ళలో ఆ తర్వాత వానలు పడ్డా దున్నేవాళ్ళు లేరు.

ఇన్నేళ్ళు ఎందుకు ఆగింది? నాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి, మూడూ ఒకే బరువైనవి కావు.

మొదటిది అందరూ చెప్పేదే. మద్రాసు రాబడి యుద్ధాలకూ, లండన్ చెల్లింపులకూ పోయింది. 1852లో మద్రాసు పబ్లిక్ వర్క్స్ కమిషన్ తన నివేదికలో చూపించింది కూడా ఇదే. అంతకుముందరి ఏళ్ళలో వచ్చిన రాబడిలో నూటికి రూపాయి కూడా చెరువులు, కాలవలు, రోడ్ల మీద ఖర్చు పెట్టలేదు.

రెండోదాన్ని కంపెనీని తిట్టేవాళ్ళు వదిలేస్తారు. వదలకూడదు. అంత పెద్ద ఇసుక నదికి అడ్డంగా కట్టగలమన్న ధైర్యం 1836లో కాటన్ కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్ట కట్టి నిలబెట్టేదాకా ఏ ఇంజనీరుకూ లేదు. 1798లోనే డబ్బు చేతిలో పెట్టినా ఆ కట్ట నిలిచేదని నేను రాసివ్వలేను. కాబట్టి 52 ఏళ్ళనూ నిర్లక్ష్యం ఖాతాలో వెయ్యడం న్యాయం కాదు. కానీ 1836 తర్వాత కూడా 14 ఏళ్ళు పట్టింది.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. ఉత్తర సర్కారుల్లో, అంటే కోస్తా జిల్లాల్లో, 1802 నుంచి శాశ్వత సెటిల్మెంటు నడిచింది. జమీందారు కట్టాల్సిన పేష్కషు ఒక్కసారి ఖాయమైతే ఇక మారదు. నీళ్ళొచ్చి పొలం మాగాణి అయినా పెరిగిన రాబడి జమీందారుకే పోతుంది, కంపెనీకి పైసా రాదు. అలాంటి చోట కంపెనీ తన డబ్బు ఎందుకు పెడుతుంది? గుంటూరు ప్రాంతంలో వాసిరెడ్డి, మల్రాజు వంటి కుటుంబాల జమీందారీలు ఉండేవి. 1816లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పోయాక వారసుల దావాలు ఏళ్ళ తరబడి నడిచాయి, బాకీలు పేరుకున్నాయి. కరువు వాళ్ళ నడుం పూర్తిగా విరగ్గొట్టింది. కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ విచారణ తర్వాత 1846 నాటికి గుంటూరు జమీందారీలు బాకీల కింద కంపెనీ చేతికొచ్చాయి. 1847లో కెప్టెన్ లేక్ అంచనా, 1850లో అనుమతి. భూమి తన చేతికి వచ్చిన నాలుగేళ్ళకు ఆనకట్ట మీద కంపెనీకి మనసు మళ్ళిందన్నమాట.

దీనికి ఎదురు వాదన ఉంది. గోదావరి ఆనకట్టకు అనుమతి 1846 చివర్లో వచ్చింది, ఆ పని ఊపులో కృష్ణ వంతు కూడా వచ్చి ఉండొచ్చు, జమీందారీలతో ముడిపెట్టనక్కర్లేదు అనవచ్చు. నిజమే, గోదావరి పని మేలుకొలుపైంది. అయితే గోదావరి కోసం కాటన్ ఏమని వాదించాడో చూడండి. రాజమండ్రి జిల్లా జనాభా 1821లో 7,38,308 ఉంటే 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఆ అంకెల పక్కనే ఆయన తంజావూరును పెట్టాడు. అక్కడ నీళ్ళున్నాయి, సిస్తు నిలకడగా వస్తోంది, ఇక్కడ నీళ్ళు లేవు, సిస్తు ఎండిపోతోంది అన్నాడు. ఆయన గుండెలో జాలి ఉంది, అది నేను నమ్ముతాను. కానీ పైవాళ్ళను ఒప్పించడానికి జాలి చాలదని, రాబడి చూపించాలని ఆయనకూ తెలుసు.

నూటికి ఎంత

ఆ రాబడి మాట నిజమైంది. 19వ శతాబ్దం చివరికి కృష్ణా డెల్టా కాలవలు పెట్టిన పెట్టుబడి మీద ఏటా నూటికి పదికి పైనే తెచ్చాయి. భూమి శిస్తు పైన నీటి తీరువ కూడా వచ్చి పడింది. ఆ రోజుల్లో ప్రభుత్వం చేసిన లాభసాటి పనుల్లో ఇదొకటి.

పక్కనే కర్నూలు–కడప కాలవ కథ పెట్టుకుంటే విషయం ఇంకా తేటపడుతుంది. 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ఒక లండన్ కంపెనీకి ఆ పని అప్పగించారు. దాని 10 లక్షల పౌండ్ల మూలధనం మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం పూచీ పడింది. లాభమొచ్చినా రాకపోయినా వాటాదారుడికి వడ్డీ అందుతుంది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డం కట్టి కాలవ తవ్వారు. ఖర్చు అంచనా దాటిపోయింది. పైగా అక్కడి రైతు జొన్న, కొర్ర, పత్తి వేసుకునే మెట్ట రైతు. వాన సరిగ్గా పడిన ఏడాది అతనికి డబ్బిచ్చి నీళ్ళు కొనాల్సిన పనిలేదు. వాన పడని ఏడాది కొందామన్నా పొలం మడి కట్టి ఉండదు, చేతిలో డబ్బుండదు. నీళ్ళు అమ్ముడుపోలేదు. 1882లో ప్రభుత్వమే కాలవను కొనుక్కుంది. ఆ వడ్డీ అంతా కట్టింది ఈ దేశపు పన్ను.

డెల్టాలో లాభం ఖజానాకు పోయింది. సీమలో నష్టం రైతు నెత్తిన పడింది. రెండు చోట్లా జూదంలో ఓడిపోయే అవకాశం లండన్ వాడికి లేదు. రైళ్ళకూ ఇదే పద్ధతి నడిచింది, దేశం మొత్తం మీద సాగునీటికి పెట్టినదానికన్నా ఎన్నో రెట్లు రైళ్ళ మీద పెట్టారు.  

1876–78 కరువు వచ్చేసరికి డెల్టా నిలబడింది, బయటికి బియ్యం పంపింది. ఆనకట్ట ప్రాణాలు కాపాడిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అదే ఏళ్ళలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో జనం లక్షల్లో చచ్చారు. మద్రాసు నుంచి వచ్చే తీరపు కాలవను కరువు కూలీలతో తవ్వించి పెదగంజాం దగ్గర కృష్ణా కాలవలతో కలిపారు, దానికి గవర్నరు బకింగ్‌హాం పేరు పెట్టారు. ఇండియా ప్రభుత్వం పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ 1877లో కరువు పనులకు ఖాయం చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, చేతిలో కాస్త చిల్లర. పౌనంటే అరకిలో కూడా కాదు. మట్టి తట్ట మోసే మనిషికి అది చాలదని అప్పటి మద్రాసు డాక్టర్లే గొడవ చేశారు. ఇప్పుడు పూడిపోయి గుర్రపుడెక్క పట్టి కనిపించే ఆ కాలవ గురించి "తెల్లవాడి ముందుచూపు" అని రాసేవాళ్ళు ఈ అరకిలో లెక్క కూడా పక్కన రాస్తే బాగుంటుంది.

డెల్టా రైతు సంగతీ పూర్తిగా సుఖంగా లేదు. 1921–22లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పన్ను నిరాకరణ ఊరికే పుట్టలేదు. 1920ల చివర కృష్ణా గోదావరి డెల్టాల్లో రీసెటిల్మెంటు పేరుతో రూపాయికి మూడణాల చొప్పున, అంటే 18.75 శాతం, శిస్తు పెంచబోయారు. ఆ వెంటనే ధాన్యం ధర పడిపోయింది. శిస్తు రూపాయల్లో స్థిరంగా ఉండి పంట ధర సగానికి దిగితే అదే శిస్తు కట్టడానికి రెండింతల గింజలు అమ్మాలి. రైతు సంఘాలు అంత బలంగా లేచింది ఈ చిన్న గుణకారం వల్లే.

"మన రాజులు కట్టలేదు కదా"

ఈ ప్రశ్న ప్రతి చర్చలోనూ వస్తుంది, దీనికి తేలిగ్గా జవాబు చెప్పి దాటెయ్యలేం. కాకతీయులు చెరువులు తవ్వించారు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించి, తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును ఇక లాక్కోబోమని, కప్పురానికీ గంధానికీ ముత్యాలకీ ఇంత సుంకమే తీసుకుంటామని వర్తకులకు మాటిచ్చాడు. రాబడికీ భద్రతకూ ఉన్న సంబంధం తెలిసిన రాజు మాటలవి. అయినా కృష్ణకు అడ్డంగా కట్ట ఎవరూ కట్టలేదు. వెంకటాద్రి నాయుడు అమరావతిలో గుడికీ ఊరికీ పెట్టిన డబ్బు కాలవలకు పెట్టలేదు. ఇది ఒప్పుకోవాలి.

అయితే ఇందులోంచి "మనవాళ్ళకు చేతకాదు" అన్న తీర్పు తీయడం నేను ఒప్పుకోను. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టులో కాలవలకు నీళ్ళు వదిలారు. 124 మీటర్ల ఎత్తు, దాదాపు కిలోమీటరున్నర పొడవు రాతికట్టడం. యంత్రాలకు పెట్టే విదేశీ మారకం లేక మనుషుల చేతే రాయి మోయించి కట్టారు. మొదటి రాయి నుంచి నీటి దాకా 12 ఏళ్ళు. పరాయి పాలన పోయిన 20 ఏళ్ళకే ఇది జరిగింది. డబ్బును ఎక్కడ పెట్టాలో నిర్ణయించే హక్కు ముందే మన చేతిలో ఉండి ఉంటే ఏం జరిగేదన్నది ఊహే, కానీ ఆ హక్కు వచ్చాక జరిగింది మాత్రం ఊహ కాదు.

పల్నాడు వైపు

ఆనకట్ట కాలవలు వాలుకు పారతాయి. కాలవ మట్టానికి పైనున్న నేలకు చుక్క రాదు. పాత గుంటూరు జిల్లాలో తెనాలి, రేపల్లె, బాపట్ల ఒకవైపు, వినుకొండ, మాచర్ల, గురజాల మరోవైపు. డెల్టా రైతు మీద నీటి తీరువ పడితే పల్నాటి రైతు మీద పుల్లరి పడింది. తన ఊరి అడవిలో తన గొడ్డు మేసినందుకు పన్నేమిటని అడిగిన కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. సాగర్ కుడి కాలవ వచ్చేదాకా పల్నాటికి కృష్ణ పక్కనే పారుతున్నా అందని నీరు.

మెట్టకు తెల్లవాడి పెట్టుబడి అసలు రాలేదనను. పొగాకు రూపంలో వచ్చింది. సిగరెట్ కంపెనీ అనుబంధ సంస్థ ఐఎల్‌టీడీ 1920లలో గుంటూరు నల్లరేగడుల్లో వర్జీనియా పొగాకు పెట్టించింది. సామ్రాజ్య దేశాల పొగాకుకు బ్రిటన్ 1919 నుంచి ఇచ్చిన సుంకం రాయితీ దాన్ని ఎగదోసింది. ఆ పంటకు నీళ్ళకన్నా బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే గది, ముఖ్యం. కర్రలకు ఆకు అల్లి బ్యారన్‌లో వేలాడదీసి, గొట్టాల్లో వేడి పంపి, ముందు మెల్లని వేడి మీద ఆకును పసుపు తిప్పాలి, తర్వాత మెల్లమెల్లగా వేడి పెంచి ఆకునూ, చివరికి 70 డిగ్రీల దగ్గర ఈనెనూ ఆరబెట్టాలి. ఐదారు రోజుల పని. తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగా బిగుసుకుంటుంది, ఆలస్యమైతే మచ్చ పడి నల్లబడుతుంది. ఏ ఆకు ఏ గ్రేడో చెప్పేది కొనేవాడు. రైతుకు బ్యారన్ కట్టిన అప్పుంది, ఆకు ఇంట్లో దాచుకుంటే నాసి అవుతుంది, అందుకే చెప్పిన ధరకు ఇచ్చి రావడమే. ఈ పద్ధతికి పగ్గం పడింది 1980లలో గుంటూరు పొగాకు బోర్డు వేలాలు మొదలుపెట్టాకే. నీళ్ళు ఇవ్వని చోట కూడా ఎగుమతి పంట తీయించవచ్చని ఈ కథ చెబుతుంది.

ముందు వాడుకున్నవాడి హక్కు

ఇక్కడికొచ్చేసరికి నేను డెల్టా మనుషులకు రుచించని మాట చెప్పాలి.

1976లో, కృష్ణ నీళ్ళను రాష్ట్రాల మధ్య పంచడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ తుది తీర్పు వచ్చింది. 75 శాతం నమ్మకం మీద, అంటే నాలుగేళ్ళలో మూడేళ్ళు దొరికే లెక్కన, కృష్ణలో 2,060 టీఎంసీల నీరుందని లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800 కేటాయించింది, తిరిగి నదిలోకి చేరే నీటితో కలిపి మన వాటా 811. అప్పటికే వాడుకలో ఉన్న నీటికి రక్షణ ఇవ్వాలన్నది ట్రిబ్యునల్ పట్టుకున్న సూత్రాల్లో ఒకటి. అందువల్ల కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు భద్రమయ్యాయి. అనంతపురం, కర్నూలు పొలాల్లో చాలావాటికి 1855 నుంచి వాడుక చూపించే కాగితం లేదు. ఎందుకు లేదు? 1850లో కంపెనీ చూసుకున్న రాబడి లెక్కలో అవి పడలేదు కాబట్టి. ఒక వ్యాపార సంస్థ తన లాభం కోసం చేసిన ఎంపిక 120 ఏళ్ళ తర్వాత న్యాయమైన హక్కుగా మారింది. కట్టినవాడి ఉద్దేశం మంచిదా చెడ్డదా అని వాదించుకుంటూ మనం అసలు ఈ సంగతిని చూడటం లేదు.

దీనికి డెల్టా వైపు నుంచి వచ్చే జవాబు బలహీనమైనది కాదు. నాలుగైదు తరాలు ఆ నీటి మీద బతికాయి, మడులు చదును చేసుకున్నాయి, పన్నులు కట్టాయి. ఇప్పుడు మూలం తవ్వి హక్కు తీసేస్తామంటే ఎవరికి న్యాయం? ఆ మిగులులోంచే 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు పుట్టింది, రైసు మిల్లులూ కాలేజీలూ వచ్చాయి. ఇక్కడ ఎకరం అమ్మి నిజాంసాగర్ కిందా తుంగభద్ర కిందా అయిదారెకరాలు కొనుక్కుని వెళ్ళిన కుటుంబాలు అక్కడి బీడునూ మాగాణి చేశాయి. కర్ణాటకలో గంగావతి, సింధనూరు చుట్టూ ఉన్న క్యాంపుల్లో ఇప్పటికీ ఇళ్ళలో గుంటూరు తెలుగే. ఈ శ్రమ ఎవరి దానమూ కాదు. అందుకే హక్కు రద్దు చెయ్యమని నేననడం లేదు.

కానీ 1937 శ్రీబాగ్ ఒప్పందంలో రాయలసీమ నీటికి ముందు చోటిస్తామని కోస్తా పెద్దలు మాటిచ్చారు. ఆ మాట చెల్లలేదు. ఇప్పుడు చెల్లించడానికి దారి దొరికింది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు పోలవరం కుడి కాలవలో బెజవాడ ఎగువన కృష్ణలో కలుస్తోంది, దాని లక్ష్యం ఏటా 80 టీఎంసీలు. గోదావరికి వరద ముందొస్తుంది, జూన్ చివర, జూలైలో. కృష్ణకు ఆగస్టు దాకా నమ్మకం లేదు. అంటే డెల్టా నారుమళ్ళకు కావలసిన వేళకు గోదావరి నీరే అందుతుంది, నాట్లు త్వరగా పడతాయి, నవంబర్ తుఫాన్ల కన్నా ముందే కోతలకు వస్తాయి. డెల్టాకు ఇందులో నష్టం లేకపోగా లాభం ఉంది.

డెల్టా అడగకుండా మిగిల్చిన ఆ కృష్ణ నీరు శ్రీశైలంలో ఉండాలి. అక్కడ నిండు మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు తూముల నుంచి సీమ కాలవలకు సరిగ్గా నీరు తీయాలంటే జలాశయం 854 అడుగుల పైన నిలవాలి. జూలైలో డెల్టా కోసమనీ, కరెంటు కోసమనీ కిందికి వదిలేస్తే ఆ మట్టం నిలవదు. ఆ 811లో మనకు 512, తెలంగాణకు 299 టీఎంసీలన్న పంపకం పేచీ ఇంకా తెగలేదు. ఎగువ రాష్ట్రాలు కూడా గోదావరి మళ్ళింపులో తమ 35 టీఎంసీలు అడుగుతున్నాయి. ఇవన్నీ ఉన్నా, పట్టిసీమ నుంచి ఎన్ని టీఎంసీలు దిగాయో అన్ని టీఎంసీలకు ఆ ఏడాది శ్రీశైలం మీద డెల్టా ఇండెంటు, అంటే అడిగే నీరు, తగ్గించుకోవాలని, ఆ లెక్క పది రోజులకోసారి బయటపెట్టాలని కృష్ణా, గుంటూరు జిల్లాల నీటి సంఘాలే తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపాలి. సీమవాళ్ళు అడిగితే అది తగాదా కింద చూస్తారు. తెనాలి నుంచీ ఉయ్యూరు నుంచీ వెళితే కాదనడం ఎవరికైనా కష్టమే.